నాయనమ్మ తెర తీసిన పూట

మా ముత్తాత దివిసీమలో ముఖాసాదారు, జమీందారు ఇనాముగా ఇచ్చిన ఊరికి యజమాని. తాతగారు చల్లపల్లి దారిన గుర్రం మీద వస్తుంటే ఎదురొచ్చే బళ్ళు పక్కకు తొలిగేవి. మా ఇంటి ఆడవాళ్ళు ఘోషాలో ఉండేవారు. గుడికి వెళ్ళినా మేనాలోనే, చుట్టూ తెరలు దింపుకొని వెళ్ళేవారు. అల్లుడి ఎదుటికి అత్తగారు రాని ఇల్లు మాది. ఈ మాట చెప్పడానికి నేను ఇవాళ్టికీ తల వంచను.

నేను బందరు కాలేజీలో చేరేనాటికి ఆ మర్యాద, గుడివాడ దగ్గర ఒక పెంకుటిల్లు, పాత మేనా, నాయనమ్మకు పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన దివిసీమ పొలం మిగిలాయి. మా నాన్నగారు అప్పటికే పోయారు. శాస్త్ర ప్రకారం ఆ పొలం నాయనమ్మ తరువాత ఆమె కూతురికి, అంటే నందివాడలో ఉన్న మా మేనత్తకు వెళ్తుంది. మేనత్తకు లోటు లేదు. మా అమ్మకు ఆ పొలం తప్ప మరో ఆధారం లేదు. కోడలికి దక్కాలంటే వీలునామా ఒక్కటే దారి.

"నా నోటిమాట చాలదా?" అని తెర వెనక నుంచి అడిగింది నాయనమ్మ.

"చాలదండీ. మీరు సంతకం పెడుతుండగా ఇద్దరు సాక్షులు కళ్ళారా చూడాలి" అన్నారు ప్లీడరుగారు.

సాక్షులుగా ఊరి కరణంగారు, ఒక కుర్ర బడిపంతులు వచ్చారు. కరణంగారు కాగితాన్ని తెర కిందుగా లోపలికి జరపబోయారు.

"ఆగండి. ఇవతల సంతకం పెట్టింది నేనో, నా కోడలో మీకెలా తెలుస్తుంది?"

"మీ గొంతు గుర్తుపట్టమా అండీ?"

"రేపు కోర్టులో గొంతుకు సాక్ష్యం చెప్తారా?"

తెర ఒక్క ఊపున పక్కకు జరిగింది. కరణంగారు గౌరవంగా గోడవైపు తిరిగిపోయారు. పంతులు నేలకేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఏం పంతులూ, నేల మీద ఏమన్నా పారేసుకున్నావా? ఇటు చూడు. మళ్ళీ మళ్ళీ చూపించను."

ఇద్దరూ తలలెత్తి తనను చూసేదాకా ఆమె కలం ముట్టలేదు. తరువాత నిటారుగా కూర్చొని సంతకం చేసింది.

కొన్నేళ్ళకు నాయనమ్మ పోయింది. కరణంగారూ పోయారు. మేనత్త భర్త, మా మామయ్య, బందరులో దావా వేశాడు. ఘోషాలో ఉండే మనిషి సంతకాన్ని పరాయి మగవాడు చూసి ఉండడని, వీలునామా చెల్లదని ఆయన వాదన. మా మర్యాదనే మా మీదికి తిప్పాడు.

పంతులు బోనెక్కాడు.

"ముఖం చూశానంటున్నావు. ఎలా ఉంటుంది?" అన్నారు అవతలి ప్లీడరు.

"కుడి కనుబొమ్మను చీలుస్తూ ఒక మచ్చ ఉందండి. అలా చూడమని ఆవిడే కేకలేశారండి."

మామయ్య బోనెక్కినప్పుడు మా ప్లీడరు లేచి అడిగారు. "మచ్చ ఉందా, లేదా?"

"నాకెలా తెలుస్తుందండీ? మా అత్తగారి ముఖం నేనెన్నడూ చూడలేదు."

హాలంతా నవ్వింది. జడ్జీగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఆ మచ్చ సంగతి తేల్చడానికి కోర్టువారు ఒక వకీలును మేనత్త ఇంటికి పంపారు. ఆమె తెర చాటున కూర్చుంది. పక్క గదిలో భర్త ఉన్నాడు.

"ఉంది. చిన్నప్పుడు దూడ కుమ్మిందని మా అమ్మ చెప్పేది" అంది.

ఆమె మా ఇంట పుట్టిన మనిషి. ఆమె నోట మరో జవాబు వస్తుందని నేను అనుకోలేదు.

వీలునామా చెల్లింది. పొలం అమ్మదైంది. తీర్పు విన్నాక అమ్మ జట్కా ఎక్కింది. బండివాడు అలవాటుగా తెర దింపబోయాడు.

"ఉండనీ నాయనా, గాలి రానీ" అంది అమ్మ.

బందరు బజారు పొడుగునా ఆమె తలెత్తుకొనే కూర్చుంది. గుర్రం మీద తాతగారికి కూడా అంత ఠీవి ఉండి ఉండదు.

ఆ వేసవిలో మా మేనాను గుడివాడలో ఒక నాటక సమాజానికి అమ్మేశాం.