కుట్టు టీచరక్క కోసం రాసిన అర్జీలు

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చబోతుంటే ఫోను మోగింది. జగ్గయ్యపేట శివార్లలో నేను మొట్టమొదట ఉద్యోగం చేసిన మిషను బోర్డింగు స్కూలు పాత విద్యార్థినులు ఒక గ్రూపు పెట్టుకుని అందులో నన్ను కూడా చేర్చారు. వచ్చే నెల అందరూ కలుసుకుంటున్నారట, కాలం చేసిన స్కూలు పెద్దల, టీచర్ల ఫోటోలకు దండలు వేస్తారట, ఆ ఫోటోలన్నీ వరసగా పంపించారు. కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటే చూశాను. పాస్టరు అయ్యగారున్నారు, అమ్మగారున్నారు, లెక్కల మాస్టారున్నారు, గంట కొట్టే తాత కూడా ఉన్నాడు. మా కుట్టు టీచరక్క మాత్రం లేదు. మరిచిపోయారో, నలుగురూ కలిసే పూట ఆ మాట ఎందుకనుకున్నారో నాకు తెలియదు. ఆ చుట్టుపక్కల పుట్టి పెరిగిన నా ఈడు వాళ్లకు ఆ సంగతి లీలగానైనా గుర్తుండే ఉంటుంది. అందులో నా వంతు ఎంతో మాత్రం ఎవరికీ తెలియదు, అది చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మాది కంచికచర్ల దగ్గర ఒక పల్లె. నాన్న వ్యవసాయ కూలీ. నేను టీచరు ట్రైనింగు పూర్తిచేసి ఖాళీగా ఉన్న రోజుల్లో, స్కూలు నడిపే పాస్టరు అయ్యగారి భార్య, మేమంతా అమ్మగారు అని పిలిచే ఆవిడ, మా సంఘంలో ఎవరో చెప్పగా విని నన్ను పిలిపించి ఉద్యోగమిచ్చారు. ఏడో తరగతి చదివే మా చెల్లెల్ని కూడా ఫీజు లేకుండా బోర్డింగులో చేర్చుకున్నారు. ఆ రోజుల్లో జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు ఇంకా పూర్తిగా లేవలేదు గాని క్వారీలు మొదలయ్యాయి, గాలి తిరిగితే స్కూలు దడి మీద ఆరేసిన బట్టల మీద సన్నటి తెల్లదుమ్ము పేరుకునేది. ఆ దుమ్ము మీద అందరికంటే ఎక్కువ కోపం మా కుట్టు టీచరుకే. ఆవిడకు అప్పటికి ముప్పై ఏళ్లుంటాయేమో, నేను అక్కా అని పిలిచేదాన్ని. పెళ్లయిన రెండేళ్లకే మొగుడు వదిలేసి లారీల మీద పనికి పోతే, కుట్టు నేర్చుకుని ఈ ఉద్యోగంలో చేరింది. తల్లి వేదాద్రి దగ్గర పల్లెలో మిరపకోతలకు వెళ్లేది. అక్కా నేనూ ఒకే గదిలో ఉండేవాళ్లం. నాకు సరిగ్గా కాజా కుట్టడం రాదని తిట్టేది, మళ్లీ తనే విప్పి కుట్టేది. చిన్నపిల్లల పావడాలకు లోపలివైపు ఎవరికీ తెలియకుండా ఒక బుల్లి జేబు పెట్టి ఇచ్చేది, ఇంటి దగ్గర్నుంచి వచ్చిన ఉత్తరాలు దాచుకోవడానికి. నాకు ఉద్యోగం అనేదాని రుచి తెలిసింది ఆ గదిలోనే.

ఒక శనివారం సాయంత్రం అంచు మడిచి కుడుతూ, తల ఎత్తకుండానే, రేపు ఆరాధన అయ్యాక అయ్యగారితో ఒక విషయం మాట్లాడాలి, నువ్వు కూడా నా పక్కన నిలబడు అంది. ఏ విషయమని నేను అడగలేదు. ఇరవై రెండేళ్ల పిల్లని, ఆ రోజు ఇంటికి ఉత్తరం రాసుకునే తొందరలో ఉన్నాను. సరేనక్కా అన్నాను, అంతే.

మర్నాడు మధ్యాహ్నం బయటి సంఘాల వాళ్లతో సభ ఉంది. పాటలు పాడే పిల్లల తెల్ల ఓణీలు ఇస్త్రీ చెయ్యాలని అక్క ఒక్కతే కుట్టుగదిలో ఉండిపోయింది, మిగతా స్కూలంతా ఆరాధనకు గుడిలో ఉంది. నేను పిల్లల వరస పక్కన, స్కూలు కమిటీ పెద్దలు కూర్చునే కుర్చీలకు ఎదురుగా నిలబడ్డాను. వాక్యం చదవడం అయ్యాక పాట అందుకున్నప్పుడు ఆ కుర్చీల్లో ఒకటి ఖాళీగా ఉంది. అది అమ్మగారి తమ్ముడిది, కమిటీలో ఆయన మాటే మాట. ప్రసంగం చివర్లో ఆయన పక్క తలుపులోంచి వచ్చి కూర్చున్నాడు. జుట్టు తడిగా ఉంది, రుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. ఏప్రిల్ ఎండ, ఆ పూట అందరం తుడుచుకుంటూనే ఉన్నాం. ఆరాధన ముగిశాక ఓణీలు తెమ్మని పంపిన పిల్లలు అరుస్తూ వెనక్కి వచ్చారు. నేను పరిగెత్తుకెళ్లేసరికి అక్క కుట్టుమిషను పక్కన బోర్లా పడి ఉంది. బొగ్గుల ఇస్త్రీ పెట్టె దూరంగా తెరుచుకుని పడి ఉంది. వెనకనుంచి తలమీద కొట్టారు. నిప్పులు చెదిరి ఓణీ ఒకటి కాలుతూ పొగ వస్తుంటే, ఏం చేస్తున్నానో తెలియక నేను ముందు ఆ మంట ఆర్పాను. ఆ తర్వాతే అక్క తల ఒళ్లోకి తీసుకున్నాను. అప్పటికే ప్రాణం లేదు.

పోలీసులు వచ్చేలోపే నేను అమ్మగారి దగ్గరికెళ్లి ఖాళీ కుర్చీ సంగతి చెప్పేశాను. ఆవిడ లేచి తలుపు దగ్గరగా వేశారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని మెల్లగా అన్నారు.

"కుర్చీలోంచి లేవడం నేరమా అమ్మా? పంపు దగ్గర మొహం కడుక్కోడానికి వెళ్లాడట, నాతో చెప్పాడు. నువ్వు ఆ ఒక్క మాట అంటే ఈ స్కూలు ఉండదు. మూడొందలమంది ఆడపిల్లలు ఎక్కడికి పోతారు? మీ చెల్లెలు ఎక్కడికి పోతుంది?"

ఆవిడ కళ్లల్లో నీళ్లున్నాయి. అవి అక్క కోసమో, తమ్ముడి కోసమో, స్కూలు కోసమో నాకు ఇప్పటికీ తెలియదు. ఎస్సై గారు వచ్చి, ఆరాధన జరిగినంతసేపూ అందరూ గుడిలోనే ఉన్నారా అని వరసగా అడిగారు. అందరూ ఉన్నారండి అన్నారు అందరూ. నా వంతు వచ్చింది. ఉన్నారండి అన్నాను. శనివారం అక్క అన్న మాట మాత్రం చెప్పాను. ఏ విషయం మాట్లాడాలనుకుంది అని అడిగితే తెలియదన్నాను, ఆయన రాసుకోకుండానే తల ఊపారు. ఆ రాత్రే నాన్న వచ్చారు. సంగతంతా విని, పెద్దోళ్ల జోలి మనకెందుకమ్మా, నువ్వు చూసింది కుర్చీయేగా అన్నారు. మనసు దానికోసమే కాచుకుని ఉంది కాబోలు, నేను కూడా అలాగే అనుకున్నాను.

ఎవరో ఒకరు దొరకాలి గనక పోలీసులు అక్క మొగుణ్ణి పట్టుకొచ్చారు. కొన్నాళ్లు ఉంచుకుని, ఆ ఆదివారం అతను లారీ మీద ఎక్కడో దూరాన ఉన్నాడని తేలాక వదిలేశారు. ఆ తర్వాత అతను సరిగ్గా నడవలేకపోయాడు. వాడు చవట, అంతేగాని చంపేవాడు కాదు అని అక్క తల్లి మొదటి రోజే స్టేషను మెట్ల మీద చెప్పింది, ఎవరూ వినలేదు.

ఆవిణ్ణి పెద్దమ్మా అనేదాన్ని. దినాలైన వారానికే వేదాద్రి నుంచి బస్సులో వచ్చి స్కూలు గేటు దగ్గర కూర్చుంది. గేటు తెరవలేదు. నేనే బయటికి వెళ్తే, కొంగులోంచి మడతపెట్టిన తెల్లకాగితాలు తీసింది.

"నీ అక్షరం బాగుంటదని నా బిడ్డ చెప్పేది తల్లీ. పై ఆఫీసరుకి ఒక కాయితం రాసియ్యి. నాకు ఇంకేం వద్దు, ఎవరు చంపిందో పేరు చెప్పమని రాయి."

రాశాను. గౌరవనీయులైన వారికి అని మొదలుపెట్టి, నా కుమార్తె ఫలానా రోజున ఫలానా చోట హత్యకు గురైనదని, ఇంతవరకు నేరస్తుడు దొరకలేదని, తమరు దయతో విచారించవలెనని, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఆవిడ వేలిముద్ర వేయించాను. రాయడం అయ్యాక చదివి వినిపిస్తే ఆవిడ కళ్లు మూసుకుని విని, ఇంకేమన్నా రాయాల్సింది ఉందా తల్లీ అని అడిగేది. ప్రతిసారీ అడిగేది. లేదు పెద్దమ్మా అనేదాన్ని. కలెక్టరు గారికి రాశాం, బిషపు గారికి రాశాం, ఎవరెవరికో రాశాం. పండగలకూ పబ్బాలకూ కాదు, కోతల మధ్య ఎప్పుడు రెండు రోజులు పని లేకపోతే అప్పుడు వచ్చేది. గోళ్లలో మిరప ఎరుపు పోయేది కాదు, కళ్లు తుడుచుకోవాలంటే మోచేత్తో తుడుచుకునేది. ఆవిడ వెళ్లాక నాకు అన్నం సహించేది కాదు. చెల్లెలు పది పూర్తిచేస్తే చెప్పేద్దామనుకున్నాను. అది పూర్తయ్యేసరికి నాకు సంబంధం కుదిరింది, పెళ్లయ్యాక చెబుదామనుకున్నాను. మనిషి పిరికితనానికి సాకులు పుట్టుకొస్తూనే ఉంటాయి.

నాకు గవర్నమెంటు ఉద్యోగం వచ్చి నందిగామలో కాపురం పెట్టాక కూడా పెద్దమ్మ నా ఆచూకీ కనుక్కుని వచ్చింది. అప్పటికి బాగా ఒంగిపోయింది. వరండాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇస్తే తాగి, మళ్లీ ఆ తెల్లకాగితాలే తీసింది. నేను కలం పట్టుకుని గౌరవనీయులైన వరకు రాసి, కలం కింద పెట్టేశాను. ఉన్నదున్నట్టు మొత్తం చెప్పేశాను. కుర్చీ, తడిజుట్టు, అమ్మగారి మాట, మా చెల్లెలు, అన్నీ. ఆవిడ ఆ తెల్లకాగితాలు మళ్లీ మడిచి కొంగులో పెట్టుకుంది. తిట్టలేదు, ఏడవలేదు.

"ఇప్పటికెన్ని రాసావు తల్లీ?"

"ఏడు, పెద్దమ్మా."

"ఏడు కాయితాలు. ఒక్కదాంట్లో కూడా ఆ ముక్కకి చోటు చాల్లేదా?"

మర్నాడు మావారు వద్దంటున్నా వినకుండా పెద్దమ్మను తీసుకుని జగ్గయ్యపేట స్టేషనుకు వెళ్లాను. నా వాంగ్మూలం తప్పని, మళ్లీ రాసుకోమని అడిగాను. అక్కడున్న ఇన్‌స్పెక్టరు కొత్తవారు, చెడ్డమనిషి కాదు. మమ్మల్ని కూర్చోమని, రికార్డు తెప్పించి చూసి, నేరస్తుడి ఆచూకీ దొరకలేదని ఎప్పుడో మూసేశారమ్మా అన్నారు. నేను కుర్చీ ఎవరిదో చెబితే ఆయన రికార్డు మూసి అన్నారు.

"ఆయన పోయి రెండేళ్లయిందండి. చనిపోయిన మనిషి ఆ రోజు కుర్చీలో లేడని మీరు ఇప్పుడొచ్చి చెబితే నేనేం రాసుకోను? అది చంపినట్టు రుజువూ కాదు, కాదనడానికి ఆయనా లేడు."

ఆ మాటలో తప్పులేదు. ఆయనే చంపాడని నేను ఈనాటికీ చెప్పలేను. నిజంగానే పంపు దగ్గరికి వెళ్లాడేమో. వెళ్లాడో లేదో అడిగి తేల్చాల్సిన రోజున అడగనివ్వకుండా చేసింది మాత్రం నేను. బస్టాండులో పెద్దమ్మను వేదాద్రి బస్సెక్కించబోతే నా చెయ్యి పట్టుకోకుండా, కమ్మీ పట్టుకుని తనే ఎక్కింది. ఆ తర్వాత రాలేదు.

ఆర్నెల్లు చూసి నేనే వాళ్ల పల్లెకు వెళ్లాను. ఇంటిముందు నీడలో ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తూ కూర్చుంది. పక్కన కూర్చుని నేనూ తీయడం మొదలుపెట్టాను. ఘాటుకు ఇద్దరికీ దగ్గు వచ్చింది. తొడిమలు తీస్తూనే, నావైపు చూడకుండా మాట్లాడింది.

"నువ్వు చెప్పుంటే పట్టుకునేవోళ్లో లేదో నాకు తెల్వదు. పెద్దోళ్లు గదా, వదిలేసేవోళ్లేమో. కానీ నా బిడ్డ కోసం ఒక మనిషి నోరు తెరిచింది అని నాకుండేది గదమ్మా."

లేచి లోపలికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది. అదే ఆవిణ్ణి నేను చివరిసారి చూడడం. ఆవిడ పోయిన సంగతి మూడు నెలల తర్వాత ఎవరో చెబితే తెలిసింది.

ఇప్పుడా దారిన వెళితే ఏదీ గుర్తుపట్టలేం. హైవే వెడల్పయింది, మిరపచేలల్లో సగం ప్లాట్లయ్యాయి. స్కూళ్లన్నిటికీ కెమెరాలున్నాయి, పిల్లల దగ్గర ఫోన్లున్నాయి, ఏదన్నా జరిగితే గంటలో ఊరంతా తెలుస్తుంది. మా మనవరాలు కాలేజీలో ఒక లెక్చరరు మీద నలుగురితో కలిసి కంప్లయింటు ఇచ్చిందని వాళ్లమ్మ భయపడుతూ చెబితే, నేను లోపలికెళ్లి తలుపు వేసుకుని ఏడ్చాను, సంతోషమో సిగ్గో తెలియకుండా. మంచి రోజులు పోయాయని నా ఈడు వాళ్లు అంటుంటే తల ఊపుతాను గాని, మా రోజుల్లో మంచితనమని మేం పిలుచుకున్నదాంట్లో భయం ఎంత ఉందో లెక్కపెట్టుకోవడం ఈ మధ్యే నేర్చుకుంటున్నాను. అక్క మొగుడు పోయాడు. అయ్యగారు, అమ్మగారు, ఆ ఎస్సై గారు, ఎవరూ లేరు. ఎవరు చంపారు అని అడుగుతూ బస్సు దిగి గేటు దగ్గర కూర్చునే మనిషి కూడా లేదు. ఎక్కడైనా ఎవరైనా ఇవాళ నన్ను అడిగితే ఉన్నదున్నట్టు చెబుతాను. కాని అడిగేవాళ్లు అయిపోయారు.