అల్లుడి అలక, బ్రస్సెల్స్ సంతకం

మా చిన్నత్తగారు పోయారు. పోయిన నెలలో ఒక మంగళవారం, ఆఫీస్‌లో మీటింగ్ జరుగుతుండగా చిన్నమామగారు ఫోన్ చేశారు. "అల్లుడూ, మీ అత్తయ్య ఇక లేదయ్యా. కాఫీ కలుపుతూ కలుపుతూ పడిపోయింది. అంబులెన్స్ వచ్చేసరికే..." అన్నారు. కారు తీసి హైవే ఎక్కాక నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. నా అలక ఇంకా తీరనేలేదు, ఈవిడ ఎలా వెళ్ళిపోతారు అని. సిగ్గుపడాల్సిన మాటే. కానీ మన సంఘం పత్రికకి ఆవిడ గురించి నాలుగు మాటలు రాయమన్నారు కాబట్టి ఉన్నదే రాస్తున్నాను.

చిన్నత్తగారంటే మా ఆవిడకి పిన్ని. ఇక్కడ అమెరికాలో, మన క్యారీ ఊళ్ళోనే, మా ఇంటి నుంచి ఐదు నిమిషాల డ్రైవ్. నీటి శుద్ధి మీద ఇక్కడి యూనివర్సిటీలో పాతికేళ్ళు పాఠాలు చెప్పి రిటైర్ అయ్యారు. ఉగాది వేడుకల్లో ఆవిడ కలిపిన పులిహోర మీలో చాలామంది తినే ఉంటారు. అది ఎలా మొదలైందో కొద్దిమందికే తెలుసు. ఆ ఏడాది కమిటీ మీటింగ్‌లో మూడొందల మందికి విస్తరి భోజనం పెడదామని అందరూ తెగ ఉత్సాహపడ్డారు. అరిటాకులు ఫ్లోరిడా నుంచి తెప్పిద్దామన్నారొకరు. ఆవిడ అంతా విని, "బాగుంది. ఎవరు వండుతారు? గిన్నెలెవరు తోముతారు?" అని అడిగారు. ఒకరిద్దరు ఫోన్లలో అరిటాకుల ధర వెతకసాగారు. "గొప్ప ఆలోచనలకేం కొదవ లేదు నాయనా, ముందు గిన్నెలు తోమేవాళ్ళ పేర్లు రాయండి" అన్నారు. ఒక్క పేరూ పడలేదు. చివరికి పులిహోర, దద్ధోజనంతో సరిపెట్టారు. రెండూ ఆవిడే కలిపారు. గిన్నెలు నేను తోమాను. "అయ్యో, అల్లుడు గారు మీరు తోమడమేంటి" అనడానికి మూడుసార్లు వచ్చారు కానీ, నా చేతిలో స్క్రబ్బర్ మాత్రం తీసుకోలేదు.

ఇలాంటి ప్రశ్నలు వేయడమే ఆవిడ రెండో ఉద్యోగం. యూరప్ దేశాలన్నీ కలిసి పరిశోధనలకి, కొత్త సాంకేతికతలకి ప్రభుత్వ నిధులు ఇస్తాయి. ఏడేళ్ళకో ప్రోగ్రాం. ఎవరికివ్వాలో తేల్చడానికి ఎక్కడెక్కడి నిపుణుల్నో బ్రస్సెల్స్‌కి పిలిపించి, వారం రోజులు గదుల్లో కూర్చోబెట్టి ప్రపోజల్స్‌కి మార్కులు వేయిస్తారు. ఆవిడ అలా ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్ళేవారు. సూట్‌కేస్‌లో కరివేపాకు కారం పట్టుకెళ్ళి, మా అమ్మాయికి చాక్లెట్లు పట్టుకొచ్చేవారు. అక్కడి విశేషాలేంటని అడిగితే "వాన పడింది" అనేవారు. అంతే. "నలభై ఏళ్ళ కాపురం చేశాను, ఆ గదిలో సంగతి నాకే చెప్పదు. నేనేమన్నా గూఢచారినా?" అని మామగారు విసుక్కునేవారు.

ఇక నా గోడు. అప్పట్లో నేను పనిచేసిన కంపెనీ చాలా చిన్నది, ఆరుగురం. భూమిలో నీటి గొట్టాలు ఎక్కడ కారుతున్నాయో చప్పుడు బట్టి చెప్పే సాఫ్ట్‌వేర్ మాది. యూరప్ ఊళ్ళలో గొట్టాలు ముత్తాతల కాలం నాటివి కాబట్టి అక్కడి నిధులకి ప్రయత్నించాం. ఒక్కళ్ళం అడిగితే ఇవ్వరు. కనీసం మూడు దేశాలవాళ్ళు జట్టు కట్టాలి. పోర్చుగల్ నుంచి నీటి సరఫరా సంస్థ ఒకటి, డెన్మార్క్ నుంచి ల్యాబ్ ఒకటి, గ్రీస్ నుంచి యూనివర్సిటీ ఒకటి కుదిరాయి. వాళ్ళ మధ్య అమెరికా నుంచి మేము, పిలవని పేరంటానికి వచ్చినట్టు. మమ్మల్ని ఎందుకు కలుపుకోవాలో విడిగా ఇంకో రెండు పేజీలు రాయాలి. మొత్తం డెబ్భై పేజీలు. ఏ ముక్క ఎవరు చేస్తారు, ఏ నెలలో ఏ రిపోర్ట్ ఇస్తారు, అనుకున్నది జరక్కపోతే ఏం చేస్తారు, అదీ జరక్కపోతే ఏం చేస్తారు. జంతువుల మీద ప్రయోగాలు చేస్తారా అని ఒక ఫారం. ఇనప గొట్టానికి చెవి ఆనించి వినేవాడికి జంతువులతో ఏం పని? గడువు బ్రస్సెల్స్‌లో సాయంత్రం ఐదు, మనకి పొద్దున పదకొండు. పదిన్నరకి గ్రీస్ ప్రొఫెసర్ గారు సంతకం పెట్టాల్సిన కాగితం రాలేదు. కాఫీ తాగడానికి వెళ్ళారట.

అన్ని పాట్లు ఎందుకంటే, ఆ నిధులొస్తే కంపెనీ నిలుస్తుంది. కంపెనీ నిలిస్తే నా ఉద్యోగ వీసా హెచ్-వన్‌బి, అప్పుడే మొదలైన గ్రీన్ కార్డ్ ఫైలింగ్ నిలుస్తాయి. అన్నిటికీ మించి, నేను ఇష్టపడి చేసిన పని జీవితంలో అదొక్కటే. అందుకే పంపేముందు డ్రాఫ్ట్ పట్టుకుని చిన్నత్తగారి దగ్గరికి వెళ్ళాను.

"చదవను అల్లుడు గారూ" అన్నారు. "మీది చదివితే నేను అటువైపు కూర్చోకూడదు. అటు కూర్చున్నంతకాలం మీది చదవకూడదు. ఒక కాలు ఇటు, ఒక కాలు అటు వేయలేను."

"మొదటి పేజీ ఒక్కటి చూడండి అత్తయ్యా."

"మొదటి పేజీ చదివాక నేను ఆగగలనా?"

అర మార్కు తేడాతో పోయింది. మేం చేసేదాన్ని చివరికి ఎవరు వాడతారో స్పష్టంగా రాయలేదన్నారు. కంపెనీ నలుగుర్ని తీసేసింది, నన్నూ కలిపి. స్పాన్సర్ కోసం కాళ్ళకి బలపం కట్టుకుని తిరిగి, ఒక ఇన్సూరెన్స్ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో పడ్డాను. గ్రీన్ కార్డ్ మళ్ళీ ఓం ప్రథమం.

కొన్నాళ్ళకి ఆ ఏడాది మార్కులు వేసిన నిపుణుల జాబితా ఇంటర్నెట్‌లో పెట్టారు. ఎవరు ఏ ప్రపోజల్ చూశారో ఉండదు, పేర్లు మాత్రం ఉంటాయి. నీళ్ళ విభాగంలో ఆవిడ పేరుంది. ఆ ఆదివారం వాళ్ళింట్లో భోజనానికి కూర్చున్నప్పుడు అడిగేశాను.

"అత్తయ్యా, మా ప్రపోజల్ వచ్చిన వారం మీరు అక్కడే ఉన్నారు కదా?"

"బ్రస్సెల్స్‌లోనే ఉన్నాను."

"మాది మీ గదికే వచ్చిందా?"

"చెప్పనని సంతకం పెట్టాను అల్లుడు గారూ."

"మార్కులు అడగట్లేదు. మా పేరు రాగానే మీరు లేచి బయటికెళ్ళారా, లేదా? ఒక్క మాట."

"అదీ చెప్పకూడదు. చారు పోయనా?"

చేయి కడుక్కుని లేచాను. పెళ్ళిలో ఆదర్శాలకి పోయి ఎక్కని అలకపాన్పు పదేళ్ళ తర్వాత క్యారీలో ఎక్కాను. ఆ రోజు నుంచి వాళ్ళింటికి వెళ్ళడం మానలేదు కానీ మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. "నలభై ఏళ్ళొచ్చాయి, ఇదేం అలకండీ, నలుగురూ నవ్వుతారు" అని మా ఆవిడ తలకొట్టుకునేది. "డాడీ, వై ఆర్ యూ నాట్ ఈటింగ్? అమ్మమ్మ చాలా శాడ్ అయింది" అనేది మా అమ్మాయి. అలిగిన అల్లుడికి అత్తగారు ఏదో ఒకటి ఇచ్చి దింపడం మన ఆనవాయితీ కదా. ఆవిడా ఒకసారి ఫోన్‌లో అడిగారు. "ఏమిస్తే దిగుతారు అల్లుడు గారూ?" నిజం అన్నాను. "అది తప్ప ఇంకేదన్నా అడగండి" అన్నారు.

పాఠకులు నన్ను తిట్టుకుంటుంటారు. తిట్టుకోండి. అప్పుడు నా బాధ మార్కుల గురించి కాదు. ఆ గదిలో మా జట్టు పేరు చదివినప్పుడు ఆవిడ మనసు ఒక్కసారైనా ఇటు లాగిందా? లేక పరాయివాళ్ళ కాగితం పక్కన పెట్టినట్టు పెట్టేసి కాఫీ మెషీన్ దగ్గరికి వెళ్ళిపోయారా? నా బతుకు తలకిందులైంది, అది ఆవిడకి పట్టిందా లేదా అన్నదొక్కటే నాకు కావాలి. ఆవిడేమో చారు పోయనా అంటారు.

రెండేళ్ళు అలా గడిచాయి. పాత ఏడేళ్ళ ప్రోగ్రాం అయిపోయి కొత్తది మొదలైంది. పోర్చుగల్ నుంచి పాత జట్టువాళ్ళు మళ్ళీ రాద్దామన్నారు. ఆఫీస్ పని అయ్యాక, శని ఆదివారాలు కూర్చుని ఒక్కణ్ణే రాస్తున్నాను. ఈ ఏడాది మార్చిలో చిన్నత్తగారు తనే డ్రైవ్ చేసుకుంటూ మా ఇంటికొచ్చారు. ముందు ఫోన్ చేయకుండా రావడం ఆవిడ అలవాటు కాదు.

"కొత్త ప్రోగ్రాంలో నీళ్ళ మీద టాపిక్ ఉందట. చూశారా?"

"చూశాను."

"రాస్తున్నారా?"

"రాస్తున్నా."

"ఎవరన్నా చదివిపెడుతున్నారా?"

"ఎందుకండీ?" అన్నాను. ఈవిడ కూపీ లాగడానికి వచ్చారనుకున్నాను. నా గొంతులో మంట ఆవిడకి వినపడే ఉంటుంది.

"ఏం లేదు. నాకిప్పుడు బోలెడు తీరిక" అని, మా ఆవిడ ఇచ్చిన కాఫీ తాగి, కప్పు తనే కడిగి వెళ్ళిపోయారు. మనిషికి వయసు మీద పడి పొద్దుపోవట్లేదు కాబోలు అనుకుని నేను మళ్ళీ నా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. మా ఇద్దరికీ మధ్య జరిగిన ఆఖరి సంభాషణ అదే.

దహనం అయిన నాలుగో రోజున మామగారు పిలిచారు. "బ్రస్సెల్స్ వాళ్ళకి కబురు పంపాలి కదయ్యా. నాకా ఈమెయిల్స్ సరిగా రావు, నువ్వు చూడు" అని ఆవిడ కంప్యూటర్ తెరిచి ఇచ్చారు. అడ్రస్ కోసం వెతుకుతుంటే పాత ఉత్తరాలు కనిపించాయి. నేను భోజనం మధ్యలో లేచిపోయిన ఆదివారానికి పది రోజుల తర్వాత ఆవిడ వాళ్ళకి రాశారు. "మా కుటుంబంలో ఒకరు ఈ రంగంలోనే ప్రపోజల్స్ రాస్తారు. ఈసారి ఆయన రాసినప్పుడు నేను చదివిపెట్టాలనుకుంటున్నాను. దయచేసి నిపుణుల జాబితాలోంచి నా పేరు తీసేయండి."

అంత అవసరం లేదని వాళ్ళు జవాబిచ్చారు. మీ అనుభవం మాకు కావాలి, ఆయన ప్రపోజల్ వచ్చినప్పుడు మాత్రం గది బయట కూర్చుంటే సరిపోతుందన్నారు. దానికి ఆవిడ రాసింది ఒకే వాక్యం. "బయట ఒకసారి కూర్చున్నాను, మళ్ళీ కూర్చోవడం నా వల్ల కాదు."

ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో తెలియదు. పదేళ్ళు ఇష్టంగా చేసిన పని వదిలేసుకుని, రెండేళ్ళుగా ఆవిడ ఇక్కడే, ఐదు నిమిషాల దూరంలో ఖాళీగా కూర్చున్నారు. నేనేమో మంచినీళ్ళు తాగి లేచొస్తున్నాను.

"మీకు తెలుసా మామయ్యా?" అన్నాను.

"తెలుసయ్యా. చెప్పెయ్యవే అని వంద సార్లన్నాను. 'ఆయన అడగాలి. అల్లుడి దగ్గరికి మనంతట మనమే వెళ్ళి మీ రాత దిద్దుతానంటే మర్యాదగా ఉండదు' అంది. మార్చిలో ఒకసారి వెళ్ళొచ్చింది కదా. వచ్చి, 'అడగలేదండీ' అంది."

మర్యాదట! దేశదేశాల నిపుణులు రాసిందంతా మొహమాటం లేకుండా కొట్టిపారేసిన మనిషికి, అల్లుడి దగ్గరికొచ్చేసరికి మర్యాద అడ్డొచ్చింది. ఒక్క మాట అనొచ్చు కదా అత్తయ్యా. నాకు బుద్ధి లేదు సరే, మీకేమైంది?

ఆవిడ బల్ల ముందు రెండు కుర్చీలున్నాయి. ఒకటి వాడి వాడి అరిగింది. రెండోదాని మీద కొన్నప్పటి ప్లాస్టిక్ కవర్ అలాగే ఉంది. నేను అటు చూడటం మామగారు చూశారు. "అది నీకోసం కొన్నదేనయ్యా. మురికవుతుందని నన్ను కూడా కూర్చోనిచ్చేది కాదు" అన్నారు.

కారులోంచి డ్రాఫ్ట్ తెచ్చుకున్నాను. గడువు ఇంకా మూడు వారాలుంది. ఆ కుర్చీలో కూర్చుంటే కవర్ కరకరలాడింది. మొదటి పేజీ పైకి చదవడం మొదలుపెట్టాను. మామగారు పక్కనున్న అరిగిన కుర్చీలో కూర్చుని, అర్థమైనా కాకపోయినా తల ఊపుతున్నారు. రెండో వాక్యం పూర్తి కాకముందే, "బాగుంది. ఎవరు వాడతారు?" అని ఆవిడ నన్ను ఎక్కడ ఆపి ఉండేవారో నాకు తెలిసిపోయింది.