వాన సంగతి అడిగిన బొమ్మ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం కూడా ఒకటి ఉండొచ్చన్న అనుమానం నాకెప్పుడూ రాలేదు. రాయదుర్గం శాఖా గ్రంథాలయంలో కిటికీ పక్కన, ఒక కాలి కింద ఇటుక ముక్క పెట్టిన కుర్చీ ఉండేది. అందులో కూర్చుని విజ్ఞానశాస్త్రం బీరువాలోని పుస్తకాలన్నీ, నాకంటే ముందు చెదలు చదివేసినవి తప్ప, వరసపెట్టి చదివేశాను. ఇంటర్ తప్పినవాడికి (లెక్కల్లో, అదీ రెండుసార్లు) అలాంటి చదువు ఇచ్చే ధైర్యం అంతా ఇంతా కాదు. దానికి తోడు బొమ్మలు గీసే పిచ్చి ఒకటి. గురువు లేడు, డ్రాయింగు పరీక్ష లేదు, దొరికిన కాగితమల్లా ముఖాలతో నింపేవాణ్ణి. ఒక చేతిలో విజ్ఞానం, ఇంకో చేతిలో కళ ఉన్న మనిషి అంగట్లో ప్యాంట్లు మడతపెడుతూ కూర్చున్నాడంటే అది దేశానికే నష్టమని నా గట్టి అభిప్రాయం. దేశం మాత్రం ఆ సంగతి పట్టించుకున్నట్టు కనబడలేదు.

అంగడి బస్టాండు రోడ్డులో ఉండేది. ఊళ్ళో కుట్టిన జీన్సు ప్యాంట్లు, పిల్లల గుడ్డలు అమ్మేవాళ్ళం. యజమానిని అందరూ సావుకారు అనేవారు. ఆయన నన్ను పేరుతో పిలిచింది గుర్తులేదు. "ఓ లైబ్రరీ, ఆ నీలం ప్యాంటు తీయప్పా" అనేవాడు. ఇక మా అంగడికి అసలు ఆకర్షణ మెట్ల మీద నిలబడే పిలుపుల మామ. పొడుగ్గా, సన్నగా, నవ్వితే ముందు పళ్ళు నాలుగూ మనల్ని పలకరించడానికి బయటికొచ్చినట్టు ఉండేవాడు. బస్సు దిగినవాళ్ళను అంగట్లోకి పిలవడమే ఆయన ఉద్యోగం. "రాండప్పా, రాండి! చూసేదానికి దుడ్లు అడగం!" అని మొదలుపెట్టి, "మీ పక్క వాన పడిండాదా?" అని అడిగేవాడు. అంతే, ఆ మనిషి ఆగిపోయేవాడు. మా సీమలో వాన సంగతి అడిగితే జవాబు చెప్పకుండా పోవడం మర్యాద కాదు. జవాబు మెట్ల మీద మొదలై లోపల ప్యాంట్ల దగ్గర పూర్తయ్యేది. నేను వెనక అరల దగ్గర కూర్చుని రోజంతా ఆ ప్రశ్న వినేవాణ్ణి. మనిషిని లోపలికి లాగే మంత్రం అదేనని నా పరిశోధనలో తేలింది.

అప్పుడే గ్రంథాలయంలో యంత్రమానవుల పుస్తకం ఒకటి నా చేతికి చిక్కింది. ముందు ముందు అచ్చం మనుషుల్లా కనబడే యంత్రాలు వస్తాయట, రోగులకు సేవ చేస్తాయట, పిల్లలకు పాఠాలు చెబుతాయట, అంగళ్ళలో గిరాకీలను పలకరిస్తాయట. ఆ చివరి ముక్క సావుకారుకు చదివి వినిపించడం నా మొదటి తప్పు. ఆయన ఆ మధ్యనే బళ్ళారిలో ఏదో అంగడి ముందు చేతులు జోడించే బొమ్మను చూసి వచ్చి, కుతకుతలాడుతున్నాడు. "మనమూ చేయొచ్చునా?" అన్నాడు. "దాన్ని మించింది చేస్తా సావుకార్. మనిషికీ దానికీ తేడా తెలియకూడదు" అన్నాను. ఇది రెండో తప్పు.

ప్యాంట్లు తొడిగే పాత ప్లాస్టిక్ బొమ్మ ఒకటి ముక్కు విరిగి మూలన ఉంటే, దానికి కాగితపు గుజ్జు, చింతగింజల పిండి కలిపి కొత్త ముఖం చేయడానికి పూనుకున్నాను. ముఖానికి నమూనా కావాలి కదా. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ మెట్ల దగ్గరికి వెళ్ళి, "మామా, నీ ముఖం కావాల" అన్నాను.

"ఎందుకప్పా? నీకొకటి ఉండాది గదా?"

బొమ్మకని చెప్పేసరికి మామ మరుసటి రోజు గడ్డం గీయించుకుని, నుదుట విభూతి పెట్టుకుని వచ్చాడు. ఎనిమిది మధ్యాహ్నాలు నా ఎదుట కదలకుండా కూర్చున్నాడు. "ఈడ పుట్టుమచ్చ మరిచిపోయినావు. అది లేకుంటే మీ అత్త గుర్తుపట్టదు" అని చూపించి మరీ పెట్టించుకున్నాడు. పళ్ళు నాలుగూ దించేశాను. నా జీవితంలో అంత బాగా కుదిరిన నవ్వు ఇంకోటి లేదు. మంగలి అంగడి నుంచి జుట్టు తెచ్చి అంటించాను (ఎవరెవరిదో, మూడు రంగులుగా ఉండేది). రేడియోలు బాగుచేసే నా స్నేహితుడు, రేడియో భాయ్, బొమ్మ మెడలో టేబుల్ ఫ్యాను యంత్రం బిగించాడు. తల అటూ ఇటూ తిరిగేది. గుమ్మం ముందు గోనెపట్టా కింద రెండు రేకులు పెట్టాడు. దాని మీద కాలు పడితే టేప్‌రికార్డరు పలుకుతుంది, కాలు తీస్తే ఆగుతుంది. క్యాసెట్టు రెండువైపులా మామ గొంతుతోనే "రాండప్పా, రాండి! మీ పక్క వాన పడిండాదా?" అని నింపాం. మేం అడిగినన్నిసార్లూ మామ చెప్పాడు. తన గొంతు డబ్బాలోంచి వినబడితే చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

శుక్రవారం సాయంత్రం సావుకారు బొమ్మను చూసి, చుట్టూ తిరిగి, నన్ను పక్కకు పిలిచాడు. "బాగుండాది. రేపు సంత. ఒక పొద్దు నిలబెట్టి చూస్తాం. జనం వచ్చినారంటే సోమారం నుంచి మామను రావద్దని చెప్తాం. పాపం, వానికి మోకాళ్ళ నొప్పులు గూడా."

నా కాళ్ళ కింద గోనెపట్టా జారినట్టయింది. యంత్రాలు సమాజాన్ని మారుస్తాయని పుస్తకంలో చదివినప్పుడు ఆ సమాజం ఎక్కడో ఉంటుందనుకున్నాను. అది మా మెట్ల మీద తువ్వాలు వేసుకుని నిలబడి ఉందని తట్టలేదు. "ఎవరు చెప్తారు సావుకార్?" అన్నాను. "నువ్వే. చదువుకున్నోనివి, మాటలు బాగా వస్తాయి" అన్నాడు.

బాగా వచ్చే మాటలన్నీ కూడగట్టుకుని మామ దగ్గరికి వెళ్ళాను. "మామా, యంత్రాలు వచ్చేది మనిషికి విశ్రాంతి ఇచ్చేదానికి."

"మంచిదే గదప్పా. ఎవరికిస్తాండారు?"

"ఉదాహరణకు... నీకే అనుకో."

"నాకొద్దులే. ఇంట్లో కూచుంటే మీ అత్త చంపుతాది" అని పెద్దగా నవ్వాడు. నేనూ నవ్వాను. నా ఉపన్యాసం అక్కడితో ముగిసింది. మామ జేబులోంచి దువ్వెన తీసి, బొమ్మకు పాపిడి సరిచేసి, "రేపు బాగా పిలవాలప్పా, నా పేరు చెడగొట్టొద్దు" అని దాని భుజం తట్టి ఇంటికి పోయాడు. ఆ రాత్రి నేను అన్నం తిన్నానో లేదో మా అమ్మకే తెలియాలి.

శనివారం సావుకారు మామను ఎదురుగా టీ అంగట్లో కూర్చోమన్నాడు. మామకు అది సత్కారంలా తోచింది. టీకి వచ్చినవాళ్ళందరికీ రోడ్డు అవతలి బొమ్మను చూపించి "అది నేనే" అని చెప్పుకుంటున్నాడు. బొమ్మ మొదటి గంట అద్భుతంగా పనిచేసింది. జనం మూగారు. ఒక అవ్వ దాని చెంప ముట్టి "చల్లగుండాది, జ్వరం లేదు" అని తేల్చింది. సంతకు పోతున్న మేక ఒకటి తాడు తెంపుకుని వచ్చి గోనెపట్టా మీద నిలబడితే, మీ పక్క వాన పడిండాదా అని బొమ్మ దాన్ని వరసగా ఆరుసార్లు అడిగింది. మేక ప్రతిసారీ జవాబు చెప్పింది. సావుకారు నా వైపు చూసి తల ఊపాడు. ఆ ఊపుడుకు నా గుండెలో ఒక పక్క గర్వం, ఇంకో పక్క మామ మోకాళ్ళు.

పదకొండు గంటల వేళ గుమ్మఘట్ట పక్కనుంచి వచ్చే పెద్దాయన బస్సు దిగాడు. శెనక్కాయ పండించే మనిషి. ఇరవై ఏళ్ళుగా మా అంగడి గిరాకీ. చూపు కాస్త మందం. నేరుగా వచ్చి గోనెపట్టా మీద నిలబడ్డాడు. బొమ్మ నాలుగు పళ్ళూ బయటపెట్టి, "రాండప్పా, రాండి! మీ పక్క వాన పడిండాదా?" అంది.

"యాడ పడింది మామా. విత్తినప్పుడు పడినదే" అన్నాడాయన, మర్యాదగా నిలబడి.

"మీ పక్క వాన పడిండాదా?"

"లేదంటి గదా."

"మీ పక్క వాన పడిండాదా?"

జవాబు చెప్పాలని ఆయన నిలబడతాడు, ఆయన నిలబడినంతసేపూ అది అడుగుతుంది. ఇంతలో కరెంటు డిమ్మయింది. టేపు సాగి, గొంతు బొంగురుపోయి, "వా...న... ప...డిం...డా..." అని అచ్చం ఎగతాళి చేస్తున్నట్టు పలికింది. తల మాత్రం నిదానంగా ఇటు తిరిగి, ఆయన ముఖంలోకి చూసి, నవ్వుతూనే ఉంది.

"పైరంతా మాడిపోయి నేనేడుస్తాంటే పండ్లిగిలిస్తావా మామా! నువ్వు గూడానా!" అంటూ ఆయన భుజం మీది తువ్వాలు తీసి చెంప మీద ఒక్కటి వేశాడు. రేడియో భాయ్ బిగించిన మెడ అంత దెబ్బకు తయారుచేసింది కాదు. తల గిర్రున తిరిగి వీపు వైపుకు వచ్చి ఆగింది. మూడు రంగుల జుట్టు మెట్ల మీద పడింది.

"అయ్యో! మామను చంపితినే!" అని పెద్దాయన కూలబడిపోయాడు. నేను అరల వెనకనుంచి దూకాను, సావుకారు గల్లా దగ్గర లేచి నిలబడ్డాడు. అప్పుడు రోడ్డు అవతలినుంచి, మోకాళ్ళ నొప్పులున్న మనిషి ఎలా పరుగెత్తాడో కాని, మామ వచ్చాడు. పెద్దాయన, తల తిరిగిపోయిన మామనూ, పరుగెత్తి వచ్చిన మామనూ మార్చి మార్చి చూస్తుంటే, మామ ఆయన పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. ముందు ఆయన కాళ్ళ వైపు చూశాడు. తర్వాత, "లైబ్రరీ, నీళ్ళు తేప్పా" అన్నాడు.

మామ వాన మాట ఎత్తలేదు. పిలవలేదు, నవ్వలేదు. పెద్దాయన చెంబెడు నీళ్ళూ తాగాక, "అంతా పోయినాదా?" అన్నాడు మామ మెల్లగా. "అంతా పోయినాది మామా." మామ ఆయన తువ్వాలు తీసి దులిపి, మళ్ళీ భుజం మీద వేశాడు. తర్వాత మామ, "మనవడు ఎంత ఎత్తయినాడు?" అని అడిగాడు. పెద్దాయన చెయ్యెత్తి గాలిలో పిల్లవాడి ఎత్తు చూపించాడు. చూపిస్తూ ఉండగా ఆయన ముఖం కొంచెం తేటపడింది. "అదిగో, ఆ కొలతకు తీయప్పా" అని మామ నాకు చెప్పాడు.

ఆయన వెళ్ళాక అడిగాను. "మామా, అందరినీ అడిగే ప్రశ్న ఈయన్ని ఎందుకు అడగలేదు?"

"అందరినీ యాడ అడుగుతానప్పా? చెప్పులు చూడలా? తెల్లగా దుమ్ముండాది. వాన పడనోన్ని వాన పడిండాదా అని అడగొచ్చునా? బురద కనపడితేనే అడగాల. నేను తెలుసుకునేదానికా అడిగేది? వానికి చెప్పుకోవాలని ఉంటాది, అందుకు."

ఇన్నాళ్ళూ నేను వెనక అరల దగ్గర కూర్చుని విన్నవి ఆయన అడిగిన ప్రశ్నలు. అడగకుండా ఊరుకున్నవి అక్కడిదాకా ఎలా వినబడతాయి? ఎనిమిది మధ్యాహ్నాలు ఆయన ముఖం చూశాను, ఆ ముఖం ఎటు చూస్తోందో చూడలేదు.

సోమవారం పొద్దున సావుకారు నన్ను గల్లా దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి, "మామకు ఆ సంగతి చెప్పినావా?" అన్నాడు. "లేదు సావుకార్, ధైర్యం చాలలేదు." "మంచి పని చేసినావు" అన్నాడు. నా పిరికితనాన్ని మెచ్చుకున్నవాడు జీవితంలో ఆయనొక్కడే. టేప్‌రికార్డరు రేడియో భాయ్‌కి వెనక్కి పోయింది. బొమ్మకు తల ముందుకు తిప్పి, జీన్సు తొడిగి, మామ పక్కనే నిలబెట్టాం. మామ దాని చేతికి అన్నం సంచి తగిలించేవాడు. కవల తమ్ముడని కొత్తవాళ్ళకు చెప్పేవాడు.

తర్వాత నేను పెళ్ళి చేసుకుని నల్లమాడకు చేరి, బోర్డులు రాసుకుని బతికాను. కొన్నేళ్ళకు ఫ్లెక్సీ యంత్రం వచ్చి నా కుంచెను అటక ఎక్కించింది (దానికి ముఖం లేదు కాబట్టి తువ్వాలుతో కొట్టే వీలు కూడా లేకపోయింది). ఇప్పుడు చిన్న అంగడి పెట్టుకుని, తీరికగా ఉన్నప్పుడు ముఖాలు గీసుకుంటున్నాను. చర్మం, కనురెప్పలు, చెంపల మీద సన్నటి నూగు కూడా ఉన్న యంత్రమానవులు ఫోనులో కనబడుతుంటే గంటలకొద్దీ చూస్తాను. ముసలివాళ్ళకు తోడుంటాయట, ఒంటరివాళ్ళతో కబుర్లు చెబుతాయట. నల్లమాడ గ్రంథాలయంలో ఈ విషయం మీద నేను మాట్లాడటం మొదలుపెడితే పేపరు చదివేవాళ్ళు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుంటారు. ముఖం నేను చేసినదానికంటే వెయ్యి రెట్లు బాగుంది, ఒప్పుకుంటాను. అది ఎటు చూస్తుందన్నదే నా బెంగ.

పోయిన నెల ఆ వీడియోలు మామకు చూపించి, ఆయన అభిప్రాయం తెలుసుకుందామని రాయదుర్గం పోయాను. దారి పొడుగునా ఒక ఉపన్యాసం కూడా సిద్ధం చేసుకున్నాను. మామ ఇప్పుడు పనికి పోవడం లేదు. ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు, ముందు పళ్ళు నాలుగింటిలో ఒకటే మిగిలింది. నేను జేబులోంచి ఫోను తీయబోతుండగా, ఆయన కళ్ళు నెమ్మదిగా కిందికి, నా చెప్పుల మీదికి దిగాయి. పెద్దమనిషి ఇంటికి వెళుతున్నానని బస్సులో వాటిని శుభ్రంగా తుడిచాను. అయినా మడమ దగ్గర అంచున ఎర్రమట్టి కాస్త ఉండిపోయినట్టుంది. నేను ఎనిమిది మధ్యాహ్నాలు కష్టపడి దించిన నవ్వు, మళ్ళీ అలాగే, ఒంటి పంటితో వచ్చింది.

"మీ పక్క వాన పడిండాదా అప్పా?"

నిజానికి అది దుమ్ము అణిగేపాటి జల్లు. ఫోను జేబులోనే వదిలేసి, ఉపన్యాసం మొత్తం మరిచిపోయి, ఆయనకు మట్టి బాగా కనబడేటట్టు కాలు కొంచెం ముందుకు చాపి కూర్చున్నాను. "పడింది మామా, బ్రహ్మాండంగా పడింది" అని మొదలుపెట్టి, అత్త రెండోసారి కాఫీ తెచ్చేదాకా చెబుతూనే ఉన్నాను.