ఎల్లక్క ఎత్తిన చెయ్యి

బచ్చన్నపేట దగ్గరి ఊళ్లో ఎల్లక్క పత్తి ఏరే కూలి. ఆ ఊరి ఎంపీటీసీ స్థానం ఆడవాళ్లకు రిజర్వు కాగానే పార్టీవాళ్లు ఇంటికొచ్చి ఆమెకు టికెట్ ఇచ్చారు. చదువులేని మనిషి, చెప్పినచోట వేలిముద్ర వేస్తుందనుకున్నారు. ఆమె గెలిచింది. మండల సమావేశాల్లో ఎప్పుడూ చివరి కుర్చీలోనే కూర్చునేది.

అదే పార్టీకి చెందిన మండల పరిషత్ అధ్యక్షుడు వాళ్ల ఊరి చెరువు మట్టిని తన ఇటుక బట్టీలకు తోలుకుపోయాడు. తూముకన్నా లోతుగా గుంతలు పడ్డాయి. వానలు బాగానే కురిసినా నీళ్లన్నీ ఆ గుంతల్లోనే నిలిచాయి, కాలువ ఎక్కలేదు. పొట్టకొచ్చిన వరి ఎండిపోయింది. ఎల్లక్క భర్త యోసేపు కౌలుకు చేసిన మడిలో కోయడానికేమీ మిగల్లేదు. అందులోకి పశువుల్ని తోలాడు. అది చూసిన ఎల్లక్క ఆ పూటే బయల్దేరింది. అధ్యక్షుడి మీద అవిశ్వాసం పెడదామని తిరుగుతున్న సభ్యుల దగ్గరికి తనే వెళ్లి కాగితం మీద వేలిముద్ర వేసింది.

ఓటింగుకు ముందు పార్టీ జిల్లా నాయకుడు ఎల్లక్క ఇంటికొచ్చి విప్ కాగితం ఆమె చేతిలో పెట్టాడు. అవిశ్వాసానికి వ్యతిరేకంగా ఓటెయ్యాలని అందులో ఉంది.

"పార్టీ మాట ఇది. తప్పినవంటే నీ పదవి పోతది. ఢిల్లీల ఎంపీలే విప్ వస్తే నోర్మూసుకొని ఓటేస్తరు. నువ్వెంత?"

"గందుకేనా మన గోస ఆడ ఎవ్వడు చెప్పడు?" ఎల్లక్క గొంతు వాడంతా వినిపించింది. "ఓట్లడిగిననాడు ఊరోళ్ల మాటే మాటంటిరి. గిప్పుడు పార్టీ మాటనా? చెర్ల మట్టి ఎత్తుకపోయినోనికి ఎందుకియ్యలే విప్?"

"మంచిగ చెప్తున్న అక్కా. పరేషాన్ అయితవు."

"అయిన పరేషాన్ సాలదా? పో అవుతలికి!"

సమావేశంలో అధికారి, అవిశ్వాసానికి అనుకూలంగా ఉన్నవాళ్లు చేతులెత్తమన్నాడు. ఆమెతోపాటు సంతకాలు చేసిన సొంత పార్టీ సభ్యులు తలలు దించుకున్నారు. ఎల్లక్క లేచి నిలబడి చెయ్యెత్తింది. పక్కనుంచి ఎవరో కొంగు పట్టి లాగారు.

"ఇడుస్తవా, చెప్పు తియ్యాల్నా?"

అవిశ్వాసం వీగిపోయింది. విప్ ధిక్కరించినందుకు ఆమె సభ్యత్వం రద్దయింది. ఎల్లక్క మళ్లీ పత్తి చేన్లకు పోయింది.

మట్టి ట్రాక్టర్లు మాత్రం ఆగలేదు. ఒక పొద్దున ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకుని చెరువులోకి దిగే దారికి అడ్డంగా కూర్చుంది.

"ఎక్కియ్యిరా బండి! నన్ను తీసెయ్యనీకి ఇంకేం పదవున్నది?"

డ్రైవర్ బండి వెనక్కి తిప్పాడు. ఆ తర్వాత ట్రాక్టర్లు రాలేదు. తవ్విన గుంతలను పూడ్చడానికీ ఎవరూ రాలేదు. ఆ ఏడు కూడా కాలువలో నీళ్లు పారలేదు.