ఆస్థాన చిత్రకారుడి జీవితంలో రెండో సగం

ఒక మనిషి జీవితకథలో సగాన్ని ఏళ్ల తరబడి నా దగ్గరే దాచుకున్నాను. బరువేమీ ఉండదనుకున్నాను. ఉంది.

సిడ్నీ యూనివర్సిటీలో నేను చదివింది కళాచరిత్ర. మా నాన్న ఇప్పటికీ బంధువులకు ఐటీ అనే చెబుతాడు. నా థీసిస్ ఒక ఇటాలియన్ ఆస్థాన చిత్రకారుడి మీద. అతను తనను పోషించే డ్యూక్ ప్రభువు మొహంలోని మొటిమలనూ గుంటలనూ ఉన్నదున్నట్టు వేశాడు. డ్యూక్ మురిసిపోయి అతన్ని నెత్తిన పెట్టుకున్నాడు. తర్వాత గద్దెనెక్కిన కొడుకునూ అలాగే వేశాడు. కొడుకు గెంటేశాడు. చివరికి చిత్రకారుడు సత్రాలకు బోర్డులు రాసుకుంటూనే కన్నుమూశాడు.

రమణ అప్పట్లో నా రూమ్మేట్. మేముండే హారిస్ పార్క్ పేటలోని తెలుగువాళ్లకు బొమ్మలు గీసిచ్చేవాడు. నా బొమ్మా గీశాడు. అందులో నేను నవ్వుతున్నాను, కళ్లు మాత్రం ఎవరు జారిపడతారా అని చూస్తున్నాయి. అచ్చం నువ్వే అన్నారందరూ. నాకు నచ్చలేదు.

ఆ ఏడు మా తెలుగు సంఘం ప్రెసిడెంటు అంకుల్ రమణను తన బొమ్మ వెయ్యమన్నాడు. ఉగాది సభలో తెర తీస్తారు. అది నచ్చితే క్లీనింగ్ పని మానేసి బొమ్మలతోనే బతుకుతానన్నాడు రమణ. అంకుల్ పెదవి పక్కన తెల్లమచ్చ ఉంది. పౌడరు లేకుండా ఆయన గడప దాటడు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ చూడరు. రంగు సరిగ్గా కుదరాలని రమణ ఆయన చేత మొహం కడిగించి కూర్చోబెట్టాడట.

"అన్నా, మచ్చ వెయ్యనా, కప్పెయ్యనా? మీ ఇటలీ ఆయనైతే ఏం చేసేవాడు?"

"మొటిమ కూడా వదిలేవాడు కాదు తమ్ముడూ. అందుకేగా డ్యూక్ నెత్తిన పెట్టుకుంది."

"నిజంగానా?"

"థీసిస్ రాశాన్రా బాబూ!"

నిజమే చెప్పాను. కొడుకు సంగతి రాకముందే ఆపాను.

సభకు పెందలాడే వెళ్లాను, ముందు వరసలో చోటు దొరకాలని. తెర తీశారు. వెనకెక్కడో ఎవరో కిసుక్కుమన్నారు. అంకుల్ చెయ్యి పెదవి మీదికి పోయింది. మచ్చను అలాగే కప్పుకొని మైకులో అడిగాడు: "ఎవడయ్యా వీణ్ణి పిలిచింది?"

ఇక రమణను ఎవరూ పిలవలేదు. ఇప్పుడు గోడౌన్‌లో సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్నాడు.

తమాషాకి చేశానా? అలా అనుకుంటే హాయిగానే ఉంటుంది. కానీ ఆ సాయంత్రం రమణను చూస్తున్నప్పుడు నా మొహం ఎలా ఉందో నాకు తెలుసు. అతను ముందే గీసిపెట్టాడు.

"నాకు ధైర్యం చెప్పింది అన్నొక్కడే" అంటాడు ఇప్పటికీ, నలుగురిలో. నేను ప్లేటులోకి చూసుకుంటాను.

రెండో సగం మీకు చెప్పేశాను. అతనికి చెప్పలేదు. చెప్పను కూడా. అయినా కాస్త తేలిగ్గా ఉంది. నాకు ఆ తేలిక కూడా దక్కి ఉండకూడదు.