అమ్మ మొక్కకు రూఫస్ పెట్టిన పేర్లు

తల్లి బుల్లమ్మ పోయాక ఫెబా పుట్టినూరు రోలుగుంట నుంచి తెచ్చుకున్నది ఒక్క మొక్క. బిందెలూ మంచాలూ అన్నదమ్ములు పంచుకున్నారు. పెరట్లో కత్తుల్లాంటి ఆకుల మధ్య నారింజరంగు చుక్కల పూలు పూసే ఆ మొక్క మాత్రం ఎవరికీ అక్కర్లేకపోయింది. అనకాపల్లిలో తన ఇంటి నూతిపక్కన పాతుకుని, దాన్ని అమ్మ మొక్క అనేది.

పేరు లేని మొక్క కంటపడితే ఆమె భర్త రూఫస్ ఊరుకునే మనిషా? హైస్కూల్లో సైన్సు మాస్టారాయె. అరుదైన ఐరిస్ పూలజాతులు పెంచాలని ఆయనకి పిచ్చి. కొండప్రాంతాల నుంచి దుంపలు తెప్పించేవాడు. సంచి మీద ఒక పేరు, పుస్తకంలో ఇంకో పేరు. ఏది ఏదో తేల్చుకునేలోపే మన వానలకి కుళ్ళిపోయేవి. ఆఖరికి కత్తిలాంటి ఆకు చూసి అమ్మ మొక్క కూడా ఐరిసేనని తేల్చి, తన మడిలోకి మార్చి, రేకుముక్క మీద పేరు రాసి గుచ్చాడు. పూస్తోంది కదా అని ఫెబా ఊరుకుంది.

రెండువేల మూడులో ఒక పిలకను కుండీలో పెట్టి విశాఖపట్నం పూల ప్రదర్శనకి పట్టుకెళ్ళాడు. జడ్జి నలుగురిలో నవ్వాడు. "ఇది ఐరిస్ కాదు మాస్టారూ, బెలంకాండా అని వేరే జాతి. ఆకు చూసి మోసపోయారు."

రూఫస్ కుండీ అక్కడే పారేసి వచ్చి గునపం తీశాడు. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. ఈయన జడ్జి మీద కోపం చచ్చిపోయిన అత్త మీద తీర్చుకున్నాడు. ముక్క మిగలకుండా తవ్వి, కంచె కొట్టిన చెత్తతో కలిపి పక్కింటి సత్తియ్య బెల్లం పొయ్యికి పంపేశాడు.

చర్చిలో స్త్రీల కూటం నుంచి వచ్చిన ఫెబా, ఖాళీ మడి చూసి పొయ్యి దగ్గరికి పరుగెత్తింది. "అప్పుడే పొయ్యిలో ఏసేసేమమ్మా," అన్నాడు సత్తియ్య. ఇంటికొస్తే రూఫస్, "అది ఐరిస్ కాదే," అన్నాడు.

"మా అమ్మదండి," అంది ఫెబా.

ఆ ఏడు సత్తియ్య పంపిన బెల్లం ఆమె ముట్టలేదు.

మూడేళ్ళ తర్వాత రూఫస్ నర్సరీ నుంచి అలాంటి మొక్కే కుండీలో తెచ్చాడు. అందులో అప్పుడే పేరు రాసిన రేకుముక్క గుచ్చి ఉంది. ముఖం వెలిగిపోతోంది. "నేను చెప్పిందే నిజమైంది ఫెబా. జన్యువులు పరీక్ష చేసి, అది ఐరిసేనని తేల్చేరు. కొత్త పేరు ఐరిస్ డొమెస్టికా. ఇంటిది అని అర్థం."

ఫెబాకి ఒళ్ళు మండిపోయింది. తప్పు చేశానని ఒక్కసారైనా అంటాడేమోనని మూడేళ్ళు చూసింది. తన తప్పేమీ లేదని చెప్పడానికి వచ్చాడు.

"కాసిన్ని నీళ్ళు పొయ్యవే, వాడిపోతంది."

"ఐరిస్ కాదన్నారు, పొయ్యిలో ఎట్టించేరు. ఐరిసే అన్నారు, కొనుక్కొచ్చేరు. రేపు మల్లీ కాదంటారు. పేరెట్టినోరే నీలు పోసుకోండి."

చేద నూతిగట్టున బోర్లించి లోపలికి వెళ్ళిపోయింది. ఎండలు ముదిరేసరికి కుండీలో రేకుముక్క ఒక్కటే మిగిలింది. దాని మీద పేరు మాత్రం తప్పుల్లేకుండా ఉంది.