హన్మవ్వ, పసిపిల్లల వకీలు

రెంజల్ ఊళ్లో పసిపిల్లలందరికీ మాటలొచ్చు. కాకపోతే అవి ఒక్క హన్మవ్వకే వినపడతాయి. నర్సు ఉద్యోగం నుంచి రిటైరైనా, పురుడొచ్చిన ప్రతి ఇంటికీ పిలవకుండానే వచ్చేస్తుంది. పసిగుడ్డు నోటి దగ్గర చెవి పెడుతుంది. ఇక వకాల్తా మొదలు.

"ఎండకాలం గిన్ని దుప్పట్లెందుకు కప్పుతుండ్రని అడుగుతుండు!"

"నెత్తికి నూనె సాలంటుంది. నన్ను మిర్చి బజ్జీ అనుకుంటుండ్రా అంటుంది!"

ఒకసారి పొలం నుంచి వచ్చి కూతురిని ఎత్తుకోబోయిన కొమురయ్యతో, "బాపూ, చేతులు కడుక్కొని రా అంటుంది" అందట. పాపం కొమురయ్య మోచేతుల దాకా గిన్నెల సబ్బుతో తోముకుని, కూతురికి చూపించి మరీ ఎత్తుకున్నాడు.

ఇవన్నీ విని ఆ ఊరి కోడలు నవత పడీ పడీ నవ్వేది. తనకు కొడుకు పుట్టి, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక ఆ నవ్వు ఎగిరిపోయింది. వాడిది ఒకటే ఏడుపు. తనకు పడేవి నాలుగు చుక్కల పాలు, అవీ పచ్చగా.

"గవి చెడ్డపాలు, పిండి పారబొయ్యి," అంది అత్త భూమవ్వ. తమ చెరుకు బెల్లం నీళ్లలో కలిపి గ్లాసుతో సిద్ధంగా నిలబడింది. ఆ ఇంట్లో పుట్టిన ప్రతివాడూ ముందు సొంత చేని బెల్లం చప్పరించినవాడే. వద్దంటే అత్తతో గొడవ, ఊరుకుంటే పిల్లాడికేమవుతుందోనని భయం. నవతకు ఏడుపు ఆగలేదు.

అంతలో హన్మవ్వ దిగింది. పిల్లాడి నోటికి చెవి ఆనించి, "ఆఁ... ఆఁ... గట్లనా!" అంది.

"ఏమంటుండు?" గ్లాసు వదలకుండానే అడిగింది భూమవ్వ.

"నానమ్మ బెల్లం మంచిదే గని, ఆర్నెల్ల దాంక అమ్మ పాలే, సుక్క నీళ్లు సుత వద్దంటుండు. గా పచ్చటి పాలు పారబోస్తే కేసు పెడ్తడట! నిజామాబాద్ మార్కెట్ యార్డుల పసుపు కన్న దానికే ఎక్కువ రేటట. నా కడుపు రేగుపండంత, నాలుగు సుక్కలే సాలు, గని మల్ల మల్ల తాపుమంటుండు."

భూమవ్వ మనుమడిని అనుమానంగా చూసింది. వాడు ఆవులించాడు.

"ఔ, గట్లనే అంటుండు," అని బెల్లం నీళ్లు తనే తాగేసి వంటింట్లోకి వెళ్లింది.

నవత పిల్లాడిని రొమ్ముకు పట్టించి గుసగుసగా అడిగింది. "అవ్వా, నిజంగ మాట్లాడిండా?"

"పిచ్చిదానా! నేను చెప్తే మీ అత్త నాతోని కొట్లాడ్తది. నువ్వు చెప్తే నీతోని. మనుమనితోని ఎవలు కొట్లాడ్తరే?"

నవతకు గుండె తేలికైంది. ఇంతలో భూమవ్వ అన్నం పళ్లెంతో వచ్చింది. పాలు తాగుతున్న మనుమడి దగ్గరికి వంగి, ఎన్నడూ లేనిది, తనూ చెవి పెట్టింది.

"మా అమ్మ పొద్దుగాల సంది ఏం తినలేదు, కలిపి పెట్టు నానమ్మా అంటుండు."

నోటినిండా పాలతో వాడు ఎట్లా మాట్లాడాడో దేవుడికెరుక. నవత నవ్వుతూ నోరు తెరిచింది.